సెకండ్‌హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనేముందు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

పాత కారు కొనేవారు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. ఎలక్ట్రిక్ కారు విషయంలో ఆ ప్రశ్న వెనక్కి వెళ్లాలి. కారు విలువలో అతి పెద్ద భాగం బ్యాటరీ ప్యాక్‌లోనే ఉంటుంది. లక్ష కిలోమీటర్లు తిరిగినా జాగ్రత్తగా ఛార్జ్ చేసిన ప్యాక్ మంచి స్థితిలో ఉండవచ్చు. అందులో మూడో వంతు కూడా తిరగకుండా, నిండా ఛార్జ్ చేసి నెలల తరబడి ఎండలో నిలిపి ఉంచిన కారు ప్యాక్ అంతకంటే ఎక్కువ నీరసించి ఉండవచ్చు. కాబట్టి ఓడోమీటరు చూసి నిర్ణయం తీసుకోకండి, బ్యాటరీని కొలిపించి తీసుకోండి.

కింది అంచెలను ఇచ్చిన వరుసలోనే పాటించండి. ఖర్చు లేని పరీక్షలు ముందు, డబ్బూ సమయమూ పట్టేవి తరువాత వచ్చేలా వీటిని అమర్చాను. మధ్యలో ఎక్కడైనా కారు నిలవకపోతే మిగతా శ్రమ తప్పుతుంది.

## 1. కారు వెతకడానికి ముందు మీ అవసరాన్ని లెక్కగట్టండి

కంపెనీ ప్రకటించిన రేంజ్, అంటే ఒక్క ఛార్జ్‌తో వెళ్లగల దూరం, కొత్త కారుకు, నిర్ణీత పరీక్షా పరిస్థితుల్లో వచ్చిన అంకె. పాత కారుతో మీకు దక్కేది దానికంటే చాలా తక్కువ. ఎంత తక్కువో ముందే లెక్క వేసుకోవాలి.

ఉదాహరణకు ప్రకటిత రేంజ్ 400 కి.మీ. అనుకుందాం. బ్యాటరీ సామర్థ్యం 88 శాతం మిగిలి ఉంటే అది 352 కి.మీ. అవుతుంది. హైవే వేగం, ఎయిర్ కండిషనర్ లేదా హీటర్ కలిసి పావు వంతు తింటాయనుకుంటే 264 కి.మీ. మిగులుతుంది. దూర ప్రయాణంలో సాధారణంగా 80 శాతం నుంచి 10 శాతం దాకానే వాడుకుంటాం కాబట్టి, రెండు ఛార్జింగ్ స్టేషన్ల మధ్య నిజంగా నమ్ముకోదగినది సుమారు 185 కి.మీ. మీ అవసరాన్ని ఈ చివరి అంకెతో పోల్చి చూడండి.

రోజువారీ ప్రయాణం వరకే కారు కావాలనుకునేవారికి పెద్ద బ్యాటరీ అక్కర లేదు. సామర్థ్యం కొంత తగ్గిన కారును తక్కువ ధరకు కొనుక్కోవడం వారికి తెలివైన పనే అవుతుంది.

ఛార్జింగ్ వసతి సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. రాత్రి కారు నిలిపే చోట ఛార్జ్ చేసుకునే వీలు లేకపోతే ప్రతిసారీ పబ్లిక్ స్టేషన్ మీదే ఆధారపడాలి. అప్పుడు ఖర్చు లెక్క మొత్తం మారిపోతుంది.

సరిచూసుకోండి:

- రోజువారీ దూరం, తరచూ వెళ్లే అతి దూరపు ప్రయాణం రాసి పెట్టుకున్నారా?
- పార్కింగ్ చోట ఛార్జింగ్ పాయింట్‌కు భవన యజమాని లేదా సంఘం అనుమతి ఉందా?
- మీ కనెక్షన్ లోడ్, ప్రత్యేక వైరింగ్, ఎర్తింగ్ సరిపోతాయని ఎలక్ట్రీషియన్ చూశారా?

## 2. ఎంచుకున్న మోడల్ గురించి తెలుసుకోవలసినవి

బ్యాటరీని చల్లబరిచే పద్ధతి. ఇప్పటి కార్లలో ఎక్కువ శాతం ప్యాక్ చుట్టూ ద్రవాన్ని తిప్పి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతాయి. 2010లో మార్కెట్లోకి వచ్చిన నిస్సాన్ లీఫ్‌లో అలాంటి ఏర్పాటు లేదు, బ్యాటరీ వేడి చుట్టూ ఉన్న గాలిలోకి పోవలసిందే. వేడి ప్రాంతంలో తిరిగిన అటువంటి కారు సామర్థ్యాన్ని మరింత శ్రద్ధగా కొలవాలి.

బ్యాటరీ రసాయనం. ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ బ్యాటరీని రోజువారీ వాడకంలో 80 శాతం దగ్గర ఆపడం మేలు. ఇనుము, ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ ఎక్కువ ఛార్జింగ్ చక్రాలను తట్టుకుంటుంది. పైగా దాన్ని అప్పుడప్పుడు 100 శాతం దాకా నింపమని తయారీదారులే చెబుతారు. ఒకే మోడల్‌లో వేరియంట్‌ను బట్టి రసాయనం మారవచ్చు కాబట్టి, మోడల్ పేరుతో సరిపెట్టుకోకుండా ఆ కారు సంగతి ప్రత్యేకంగా కనుక్కోండి.

ఛార్జింగ్ పోర్టు. సీసీఎస్1, సీసీఎస్2, ఛాడెమో, జీబీ/టీ, ఎన్‌ఏసీఎస్ అనేవి వేర్వేరు ప్రమాణాలు. మీ ప్రాంతంలోని ఫాస్ట్ ఛార్జర్లలో ఏది ఎక్కువగా ఉందో ముందు చూసుకోండి. చాలా ప్రాంతాల్లో ఛాడెమో గన్‌లు (పోర్టుకు తగిలించే ప్లగ్గులు) తగ్గిపోతున్నాయి. మరో దేశం నుంచి దిగుమతైన కారైతే ఈ విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం.

రీకాల్ చరిత్ర. రీకాల్ అంటే లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం. షెవర్లే బోల్ట్‌లో కొన్ని సెల్‌ల (ప్యాక్‌లోని చిన్న బ్యాటరీల) తయారీ లోపం వల్ల మంటలు రేగే ప్రమాదం ఉందని తేలడంతో, 2021లో రీకాల్‌ను ఆ మోడల్ కార్లన్నిటికీ విస్తరించారు. అదే ఏడాది హ్యుందాయ్ కూడా కోనా ఎలక్ట్రిక్ కార్లను బ్యాటరీ మార్పిడికి వెనక్కి పిలిచింది. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 కార్లలో ఐసీసీయూ అనే ఛార్జింగ్ నియంత్రణ భాగం విషయమై 2024లో రీకాల్ వచ్చింది. రీకాల్ వచ్చినంత మాత్రాన ఆ మోడల్‌ను పక్కన పెట్టనవసరం లేదు. రీకాల్ కింద కొత్త ప్యాక్ వేయించుకున్న పాత కారు కొనుగోలుదారుకు లాభమే. ఆ కారుకు మరమ్మతు పూర్తయిందా, పూర్తయితే ప్యాక్ మార్చారా లేక సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చారా అన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న.

బ్యాటరీ ఎవరిది? తొలినాళ్ల రెనో జోయి కార్లలో అనేకం, కారు కొనుగోలుదారుది, బ్యాటరీ మాత్రం నెలవారీ అద్దెది అన్న పద్ధతిలో అమ్ముడయ్యాయి. ఇలాంటి ఒప్పందం ఉంటే అది మీ మీదికి ఎలా బదిలీ అవుతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ముందుకు వెళ్లండి.

## 3. వెళ్లి చూసే ముందు ఫోనులో అడగవలసినవి

సూటిగా అడిగితే నిజాయితీగా అమ్మేవారు ఇబ్బంది పడరు. జవాబులను రాసుకోండి. తరువాత రికార్డులతో పోల్చేటప్పుడు అవి పనికి వస్తాయి.

1. కారు మొదట అమ్ముడైన తేదీ ఏది? వారంటీ లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే.
2. ఎక్కువగా ఏసీ ఛార్జింగా (మామూలు కరెంటుతో నెమ్మదిగా చేసేది), డీసీ ఫాస్ట్ ఛార్జింగా (స్టేషన్‌లో వేగంగా చేసేది)? రాత్రిళ్లు ఎంత శాతం దగ్గర ఆపేవారు?
3. టాక్సీగానో, డెలివరీకో, అద్దెకో తిరిగిందా?
4. వరద నీటిలో మునిగిందా? అడుగు భాగానికి దెబ్బ తగిలిందా?
5. ప్యాక్, మోటారు, ఆన్‌బోర్డ్ ఛార్జర్‌లలో ఏదైనా మార్చారా?
6. కారుతో వచ్చిన ఛార్జింగ్ కేబుల్, రెండు తాళాలు ఉన్నాయా?

చివరగా ఒక కోరిక చెప్పండి. మీరు వచ్చే సమయానికి కారును నిండా ఛార్జ్ చేయవద్దని, 20 నుంచి 30 శాతం దగ్గర ఉంచమని అడగండి. నిండుగా ఉన్న బ్యాటరీ దాదాపు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. బలహీనమైన సెల్ బయటపడేది ఛార్జ్ తగ్గినప్పుడే. ఫాస్ట్ ఛార్జింగ్ పరీక్షకు కూడా ఇదే స్థితి కావాలి.

## 4. బ్యాటరీ ఆరోగ్యాన్ని కొలవడం

ఎస్‌ఓహెచ్ అంటే, కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యంలో ఇప్పుడు ఎంత శాతం మిగిలి ఉందో చెప్పే అంకె. మొదటి ఏడాది రెండేళ్లలో ఇది కాస్త వేగంగా తగ్గి, ఆ తరువాత నెమ్మదించడం సహజం. అందువల్ల రెండేళ్ల కారులో 94 శాతం కనిపిస్తే, ఏడాదికి 3 శాతం చొప్పున ఇలాగే పడిపోతుందని లెక్క వేయకండి.

డాష్‌బోర్డు మీద కనిపించే ‘మిగిలిన కిలోమీటర్లు’ అనే అంకెను బ్యాటరీ ఆరోగ్యానికి కొలమానంగా తీసుకోకూడదు. అది ఇటీవలి డ్రైవింగ్ తీరును బట్టి కారు వేసే అంచనా మాత్రమే. నెమ్మదిగా నడిపిన వ్యక్తి కారులో అది ఎక్కువగా, హైవే మీద దూకించిన వ్యక్తి కారులో తక్కువగా కనిపిస్తుంది.

### 4.1 మొదటి పద్ధతి: అధీకృత సర్వీస్ సెంటర్ రిపోర్టు

ఇది అన్నిటికంటే నమ్మదగినది. రిపోర్టులో తేదీ, ఓడోమీటరు రీడింగ్, కారు గుర్తింపు సంఖ్య ఉండాలి. ఏడాది కిందటి రిపోర్టు సరిపోదు. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఖర్చు మీరే భరిస్తామని చెప్పండి. అప్పటికీ నిరాకరిస్తే ఆ కారును వదిలేయమనే నా సలహా.

### 4.2 రెండో పద్ధతి: ఓబీడీ డాంగిల్

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ డాంగిల్ తగిలించి, ఆ మోడల్‌కు సరిపోయే ఫోను యాప్‌తో బీఎంఎస్ (బ్యాటరీని పర్యవేక్షించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లోపలి అంకెలు చదవవచ్చు. లీఫ్ యజమానులు ఇందుకు లీఫ్‌స్పై వాడుతుంటారు. చూడవలసినవి మూడు: ఎస్‌ఓహెచ్, మొత్తం ఫాస్ట్ ఛార్జింగ్‌ల సంఖ్య, సెల్‌ల మధ్య వోల్టేజీ తేడా.

ఈ మూడింటిలో వోల్టేజీ తేడాను చాలామంది చూడరు. అది పొరపాటు. ప్యాక్‌లో సెల్‌లు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి, ఒక్క సెల్ నీరసిస్తే మొత్తం ప్యాక్ దాని దగ్గరే ఆగిపోతుంది. కారు కదలకుండా ఉన్నప్పుడు ఆరోగ్యకరమైన ప్యాక్‌లో అతి ఎక్కువ, అతి తక్కువ వోల్టేజీల తేడా సాధారణంగా కొద్ది పదుల మిల్లీవోల్టులు దాటదు. ఛార్జ్ 20 శాతం చేరువలో ఉండగా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పక్క సీట్లోని వారు ఈ అంకెను గమనించాలి. ప్రతిసారీ ఒకే సెల్ మిగతావాటికంటే బాగా కిందికి జారుతుంటే, ఎస్‌ఓహెచ్ 90 చూపిస్తున్నా ఆ కారుతో జాగ్రత్తగా ఉండాలి. ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌లలో మధ్యస్థ ఛార్జ్ దగ్గర వోల్టేజీ దాదాపు మారదు కాబట్టి, అక్కడ తేడా కనిపించకపోవడాన్ని మంచి గుర్తుగా తీసుకోవద్దు. బాగా నిండినప్పుడో, బాగా తగ్గినప్పుడో చూడాలి.

### 4.3 మూడో పద్ధతి: ఛార్జింగ్ లెక్క

రిపోర్టు, డాంగిల్ రెండూ దొరకనప్పుడు ఇది ఉపయోగపడుతుంది. అవి ఉన్నా, వాటిని సరిచూసుకోవడానికి పనికి వస్తుంది. కొంచెం ఓపిక కావాలి.

1. కారు 20 శాతం దగ్గర ఉన్నప్పుడు ఏసీ ఛార్జింగ్ మొదలుపెట్టండి.
2. 80 శాతం దగ్గర ఆపి, ఛార్జర్ ఇచ్చిన మొత్తం కిలోవాట్ అవర్లు, అంటే యూనిట్లు, రాసుకోండి.
3. ఛార్జింగ్‌లో పోయే నష్టం కింద అందులోంచి 10 శాతం తీసివేయండి.
4. మిగిలినదాన్ని 0.6తో భాగించండి.
5. వచ్చిన అంకెను, కారు కొత్తగా ఉన్నప్పటి వినియోగ సామర్థ్యంతో (ప్యాక్‌లో కారు నిజంగా వాడనిచ్చే భాగంతో) పోల్చండి.

వినియోగ సామర్థ్యం 60 యూనిట్లు ఉన్న కారుకు ఛార్జర్ 36 యూనిట్లు ఇచ్చిందనుకోండి. నష్టం పోగా 32.4, దాన్ని 0.6తో భాగిస్తే 54. అంటే సుమారు 90 శాతం మిగిలి ఉన్నట్టు. నష్టం కారును బట్టి మారుతుంది కాబట్టి ఈ ఫలితాన్ని నాలుగైదు శాతం అటూఇటూగా తీసుకోవాలి. ఛార్జ్ చేస్తున్నంతసేపు కారులో ఎయిర్ కండిషనర్ ఆపి ఉంచండి.

### 4.4 తరచూ జరిగే పొరపాట్లు

గీతలను నమ్మడం. లీఫ్ డాష్‌బోర్డులో సామర్థ్యాన్ని చూపే 12 గీతల్లో మొదటిది మాయమయ్యేసరికే దాదాపు 15 శాతం తగ్గి ఉంటుంది. 12 గీతలూ ఉన్నంత మాత్రాన బ్యాటరీ కొత్తదానిలా ఉన్నట్టు కాదు. పైగా బీఎంఎస్ రీసెట్ చేస్తే గీతలు కొంతకాలం నిండుగా కనిపించే వీలుంది. పరిష్కారం: పైన చెప్పిన ఛార్జింగ్ లెక్కతో సరిచూడండి.

స్థూల, వినియోగ సామర్థ్యాలను కలగలపడం. ప్యాక్ మొత్తం సామర్థ్యంలో కొంత భాగాన్ని కారు వాడనివ్వదు. స్థూల అంకెతో పోల్చితే మంచి బ్యాటరీ కూడా నీరసించినట్టు కనిపిస్తుంది. పరిష్కారం: వినియోగ సామర్థ్యం ఎంతో మోడల్ వివరాల్లో వెతికి, దానితోనే పోల్చండి.

చలిలో కొలవడం. బాగా చల్లబడిన బ్యాటరీ తక్కువ ఇస్తుంది, నెమ్మదిగా తీసుకుంటుంది. పరిష్కారం: అరగంట నడిపాక కొలవండి.

## 5. రెండు రకాల ఛార్జింగ్‌నూ పరీక్షించండి

ఏసీ ఛార్జింగ్, డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ కారు లోపల వేర్వేరు దారుల్లో సాగుతాయి. ఏసీ కరెంటును కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్ మారుస్తుంది. డీసీ మాత్రం నేరుగా ప్యాక్‌లోకి వెళుతుంది. కాబట్టి ఒకటి పనిచేసినంత మాత్రాన రెండోది పనిచేస్తుందని అనుకోవద్దు.

ఏసీ పరీక్షలో కారు తన ఆన్‌బోర్డ్ ఛార్జర్ సామర్థ్యం మేరకు, ఉదాహరణకు 7.4 లేదా 11 కిలోవాట్లు, తీసుకుంటోందో లేదో కనీసం ఇరవై నిమిషాలు చూడండి. 11 కిలోవాట్ల వేగానికి సాధారణంగా త్రీ ఫేజ్ కనెక్షన్ కావాలి. సింగిల్ ఫేజ్ మీద తక్కువ వేగం చూసి లోపమని పొరబడకండి.

డీసీ పరీక్షను 30 శాతం లోపల, బ్యాటరీ కాస్త వేడెక్కాక మొదలుపెట్టండి. ఆ మోడల్‌కు సాధారణంగా వచ్చే వేగంలో సగం కూడా రాకపోతే మరో స్టేషన్‌లో మళ్లీ చూడండి, లోపం స్టేషన్‌దే కావచ్చు. 80 శాతం దాటాక వేగం తగ్గడం సహజమే.

ఛార్జింగ్ ముగిశాక పోర్టు లోపలి పిన్నులను లైటు వేసి చూడండి. నల్లబడిన, కరిగిన గుర్తులు ఉండకూడదు. గన్ తేలికగా తాళం పడి, తేలికగా విడిపోవాలి.

## 6. కారు భౌతిక తనిఖీ, టెస్ట్ డ్రైవ్

కారును లిఫ్ట్ ఎక్కించి అడుగు భాగం చూడడం తప్పనిసరి. ప్యాక్ పెట్టె అక్కడే ఉంటుంది. సొట్టలు, వెల్డింగ్ చేసిన జాడలు, తుప్పు పట్టిన బోల్టులు, ద్రవం కారిన మరకలు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా నిపుణుడు చూడకుండా కొనకండి. నారింజ రంగు తొడుగు ఉన్న కేబుళ్లు అధిక వోల్టేజీవి. వాటిని చూడడమే తప్ప ముట్టుకోకూడదు.

సరిచూసుకోండి:

- టైర్లు: ఎలక్ట్రిక్ కార్లు బరువైనవి, టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఎక్కువ, అందుకే త్వరగా అరుగుతాయి. బరువుకు తగిన లోడ్ రేటింగ్ ఉన్నవే వేశారా?
- బ్రేకులు: రీజెన్ బ్రేకింగ్ (మోటారే బ్యాటరీని ఛార్జ్ చేస్తూ కారు వేగాన్ని తగ్గించడం) వల్ల డిస్కులను తక్కువగా వాడతాం, దాంతో తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. వెనుక డిస్కులను ప్రత్యేకంగా చూడండి.
- సస్పెన్షన్: గుంతల్లో టకటక శబ్దం వస్తోందా?
- మోటారు: కిటికీలు మూసి, పాటలు ఆపి, నెమ్మదిగానూ వేగంగానూ నడపండి. వేగంతోపాటు పెరిగే గరగర శబ్దం బేరింగ్ లేదా గేరు లోపానికి సూచన.
- ఎయిర్ కండిషనర్: ద్రవంతో చల్లబడే అనేక కార్లలో ఇదే కంప్రెసర్ బ్యాటరీనీ చల్లబరుస్తుంది. చల్లదనం రాకపోతే దాన్ని చిన్న మరమ్మతుగా తీసిపారేయకండి.
- 12 వోల్టుల బ్యాటరీ: ఇది దిగిపోతే పెద్ద ప్యాక్ నిండుగా ఉన్నా కారు మేల్కొనదు. ఎప్పుడు మార్చారో అడగండి.

టెస్ట్ డ్రైవ్ కనీసం అరగంట, కొంత హైవే మీద ఉండాలి. బయలుదేరేటప్పుడూ తిరిగి వచ్చాకా బ్యాటరీ శాతం, దూరం రాసుకోండి. కొద్ది దూరంలోనే శాతం ఒక్కసారిగా దూకి పడిపోతే బీఎంఎస్ అంచనాలోనో, సెల్‌లలోనో తేడా ఉన్నట్టు.

## 7. సాఫ్ట్‌వేర్, ఖాతాల బదిలీ

పాత యజమాని ఖాతా నుంచి కారును తొలగించకపోతే, కారు ఎక్కడుందో ఆయన ఫోనులో కనిపిస్తూనే ఉంటుంది, తలుపులు తెరవడం కూడా వీలు కావచ్చు. డబ్బు చెల్లించే ముందే, మీ ఎదుటే, ఆయన తన ఖాతా నుంచి కారును తొలగించి, కారును ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఆ వెంటనే మీ ఖాతాలో చేరిందో లేదో చూసుకోండి.

అదనపు ఫీచర్లు కారుకు చెందినవా, పాత యజమాని చందాతో నడుస్తున్నవా అన్నది కంపెనీనే అడిగి తెలుసుకోండి. 2జీ, 3జీ నెట్‌వర్కుల మీద ఆధారపడిన పాత కార్లలో ఆ నెట్‌వర్కులు మూతపడిన చోట యాప్ సేవలు ఆగిపోతాయి.

## 8. వారంటీ, కాగితాలు

అనేక కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందైతే అది, అన్న హామీ ఇస్తాయి. ఆ గడువులో సామర్థ్యం 70 శాతం కంటే తక్కువకు పడిపోతే మరమ్మతు లేదా మార్పిడి చేస్తామంటాయి. మీ కారు వారంటీ పుస్తకంలో నాలుగు విషయాలు వెతకండి: రెండో యజమానికి వర్తిస్తుందా, బదిలీ దరఖాస్తుకు గడువు ఉందా, వాణిజ్య వాడకానికి మినహాయింపులు ఉన్నాయా, సామర్థ్యం తగ్గుదలకు కూడా హామీ ఉందా లేక పూర్తి వైఫల్యానికే ఉందా. ఈ నాలుగో తేడాను చదవకుండా సంతకం చేసేవారు చాలామంది ఉన్నారు.

కారు గుర్తింపు సంఖ్యతో రీకాల్ స్థితిని కంపెనీ సైటులోనో, సర్వీస్ సెంటర్‌లోనో చూసుకోండి. అప్పు బకాయి, ప్రమాద చరిత్ర, బీమా క్లెయిములు ఏ పాత కారుకైనా చూసేవే. వాటితోపాటు, ఈ మోడల్‌కు బీమా ఖర్చు ఎంతో, బ్యాటరీకి బయటి దెబ్బ తగిలితే పాలసీ వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

## 9. బేరం, వెనక్కి తగ్గవలసిన సందర్భాలు

మిగిలిన వారంటీ కాలాన్ని, ఎస్‌ఓహెచ్‌ను పక్కపక్కన పెట్టుకుని ధర మాట్లాడండి. అదే వయసున్న అదే మోడల్ కార్లు మరో రెండు మూడు చూసి ఉంటే మీ మాటకు బలం వస్తుంది. నాలుగేళ్ల కారులో 88 నుంచి 92 శాతం కనిపిస్తే అది సాధారణమే, దాన్ని చూపించి పెద్ద తగ్గింపు అడగడం న్యాయం కాదు. 80 శాతం అయితే అడగవచ్చు. 72 శాతం ఉండి, వారంటీ ఇంకా రెండేళ్లు మిగిలి ఉంటే, గడువులో 70 కిందికి పడి కొత్త ప్యాక్ వస్తుందని ఆశపడి కొనేవారు కొందరుంటారు. 71 దగ్గర ఆగిపోతే ఆ నష్టమంతా కొన్నవారిదే కాబట్టి ఆ ఆశ మీద డబ్బు పెట్టవద్దు.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా బేరం ఆపేయండి:

- అధిక వోల్టేజీ లేదా ఇన్సులేషన్ హెచ్చరిక డాష్‌బోర్డులో ఉండడం, లేదా డాంగిల్ పెట్టగానే అలాంటి కోడ్‌లు ఇటీవలే తుడిచేసినట్టు తెలియడం.
- నీట మునిగిన ఆనవాళ్లు: కార్పెట్ కింద బురద, కనెక్టర్ల మీద ఆకుపచ్చ పొర.
- డీసీ ఛార్జింగ్ రెండు వేర్వేరు స్టేషన్లలో విఫలం కావడం.
- బ్యాటరీ యాజమాన్యం గురించి స్పష్టమైన కాగితం లేకపోవడం.

## 10. కొన్న మొదటి వారంలో

ముందుగా వారంటీ, బీమా బదిలీలు పూర్తి చేసి రసీదులు దాచుకోండి. పెండింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు వేయించండి. ఛార్జింగ్ పరిమితిని బ్యాటరీ రసాయనానికి తగ్గట్టు సెట్ చేయండి. ఇంట్లో మామూలు సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి గంటల తరబడి ఛార్జ్ చేయకండి. వైరు, ప్లగ్గు వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

తరువాత 4.3లో చెప్పిన ఛార్జింగ్ లెక్కను మీ సొంత పాయింట్ దగ్గర ఒకసారి చేసి, ఫలితాన్ని తేదీ, ఓడోమీటరుతో సహా రాసి పెట్టుకోండి. ప్రతి ఏడాదీ అదే కాలంలో, అదే ఛార్జర్‌తో మళ్లీ చేయండి. వారంటీ ముగియడానికి ఆరు నెలల ముందు సర్వీస్ సెంటర్‌లో ఎస్‌ఓహెచ్ రిపోర్టు తీయించండి. అంకె 70కి చేరువలో ఉంటే, కంపెనీ తన పద్ధతిలో పరీక్షించి తేల్చడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి, క్లెయిము దరఖాస్తును గడువు లోపలే రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి.